ఎల్ బోర్డు వెనక రెండక్షరాలు

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి ఎల్లేశం. అతని ఒక్కగానొక్క కూతురు జమునేమో ఆ నాలుగో కాలు చూపించేదాకా నిద్రపోని రకం. గోదావరిఖని కాలనీలో, రెండు గదుల క్వార్టర్‌లో, ఈ ఇద్దరి మధ్య మల్లక్క ఇన్నేళ్ళుగా ఎట్లా నెగ్గుకొస్తోందో ఆమెకే తెలియాలి.

గనిలో పనిచేసే ఎల్లేశం ఒక పాత మారుతి కారు కొన్నాడు. "పద్దెనిమిది నిండనీ బిడ్డా, నువ్వే నడుపుదువు" అని కూతురికి మాటిచ్చాడు. పద్దెనిమిది నిండాయి. లర్నింగ్ లైసెన్సు కూడా చేతికొచ్చింది. తీరా పిల్ల తాళంచెవి అడిగేసరికి ఆ మహానుభావుడు రెండు షరతులు పెట్టాడు.

మొదటిది, ఇన్సూరెన్స్ లేకుండా బండి తియ్యకూడదు. దీన్ని తప్పు పట్టలేం. పక్క వీధి సదయ్యను ఇన్సూరెన్స్ లేని జీపు గుద్దితే కాలు పోయిందిగానీ చేతికి పైసా రాలేదు. జీపు యజమాని నా దగ్గరేముందని చేతులెత్తేశాడు. సదయ్య కోసం చౌరస్తాలో ధర్నాకు కూర్చున్నవాడు ఎల్లేశమే. ఇప్పుడు తన కారు ఇన్సూరెన్సే తెగిపోయి ఉంది, కొత్తగా కట్టాలి.

రెండోది, నంబరు ప్లేటు జోలికి పోకూడదు. అవి తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులు. గనులు బంద్, బస్సులు బంద్, బడులు బంద్. చాలామందిలాగే ఎల్లేశం కూడా ప్లేటు మీద ఏపీ చెరిపేసి టీజీ అని రాసుకున్నాడు. రాష్ట్రం ఇంకా రాలేదుగానీ ఆయన కారు మాత్రం ముందే వెళ్ళి అందులో చేరిపోయింది. ఈ రెండు షరతులకూ ఒకదానితో ఒకటి పొసగదని అప్పటికి ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

సమ్మెతో జీతాలు ఆగిపోయాయి. తక్కువలో ఇన్సూరెన్స్ ఎక్కడ దొరుకుతుందా అని జమున ఏజెంట్ల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది. ఒకాయన చెప్పిన రేటు వింటే కారు అమ్ముకోవడమే నయమనిపించింది. రఘుపతి అనే ఇంకో ఏజెంటు ఆమెను ఎగాదిగా చూశాడు.

"నేర్చుకునే పిల్లవు. అండ్ల ఆడపిల్లవు. జర ఎక్కువైతది."

"రేటు బండికా సార్, మనిషికా?"

రఘుపతి పెన్ను తిప్పుకుంటూ, "బండికే" అన్నాడు.

"మరి నన్ను సూసి ఎందుకు పెంచుతుండ్రు?"

దాంతో ఆయన దారికొచ్చాడు. "అన్నిట్ల సస్తాది, తక్కువ రేటుది, థర్డ్ పార్టీ. నీ బండి ఎవలికన్న తగిల్తే వాళ్ళకు పైసలొస్తయి. నీ బండి సొట్టపోతే నీ తిప్పలు నీయి. ఎల్ బోర్డు పెట్టాలె, లైసెన్సున్న మనిషి పక్కన కూసోవాలె."

జమునకు సదయ్య గుర్తొచ్చాడు. బాపు అడిగింది సరిగ్గా ఇదే. తన స్కాలర్‌షిప్ డబ్బులు దీనికి సరిపోతాయి కూడా. సంతోషంగా లేవబోతుంటే రఘుపతి ఆపాడు.

"తెగిన పాలసీ గద, మా ఆఫీసోళ్ళు బండి ఫొటో అడుగుతరు. మీ కాగితాల మీద ఏపీ ఉన్నది. ప్లేటు మీద గూడ గదే ఉండాలె."

ఆ మాట ఇంట్లో చెప్పగానే ఎల్లేశం కంచం పక్కకు నెట్టాడు. "ఏపీ అని రాయనంటే రాయ."

"వట్టి రెండక్షరాలు బాపూ."

"వట్టి అక్షరాలా? వాటిని తుడిపేతందుకు పిల్లలు పాణాలు తీసుకుంటుండ్రు. నీకు వట్టి అక్షరాలా?"

జమున కూడా కాలేజీ ఊరేగింపుల్లో గొంతు పోయేలా అరిచిన పిల్లే. సిగ్గేసింది. కానీ సిగ్గు వెనకే కోపం వచ్చింది. నాయనకు తెలంగాణ మీద ఉన్న పట్టింపు కన్నబిడ్డకిచ్చిన మాట మీద ఉండొద్దా?

"మరి నేను ఎప్పుడు నడపాలె?"

"రాష్ట్రం వచ్చినంక నడుపుదువు తియ్" అని చెయ్యి కడుక్కున్నాడు ఎల్లేశం.

తెల్లారి లేచి చూస్తే జమున వాకిట్లో కారులో ఉంది. డ్రైవర్ సీట్లో మఠం వేసుకుని, మెడలో ఎల్ బోర్డు తగిలించుకుని కూర్చుంది. ముందరి అద్దానికి ఒక అట్టముక్క అంటించి ఉంది: 'మాట తప్పిన తండ్రికి నిరసనగా నిరాహార దీక్ష.'

కాలనీకి అంతకన్నా ఏం కావాలి? చౌరస్తాలో దీక్షా శిబిరానికి పోవలసిన ఆడవాళ్ళు సగం మంది ఇటు తిరిగారు. పక్కింటి సారవ్వ బంతిపూల దండ తెచ్చి పిల్ల మెడలో వేసింది. మెకానిక్ సర్వర్ నీళ్ళ సీసా పట్టుకొచ్చి, "నీళ్ళు తాగు బేటీ, దీక్షల నీళ్ళు చల్తా" అని భరోసా ఇచ్చాడు.

శిబిరం నుంచి తిరిగొచ్చిన ఎల్లేశం ముఖం కందగడ్డయింది.

"ఇజ్జత్ తీస్తున్నవ్. దిగు."

"డిమాండు ఒప్పుకుంటే దిగుత."

"లోపటికి రా, మాట్లాడుదం."

"సమ్మెల ఉన్నోన్ని మాయమాటలతోని బుదరకిచ్చి డ్యూటీకి తీస్కపోయేటోన్ని మీ యూనియన్ల ఏమంటరు బాపూ?"

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. ఎల్లేశం ఏం చేయగలడు? ఆయన జీవితంలో ఎన్నో సమ్మెలు చేశాడుగానీ ఒక్క సమ్మెనూ విరగ్గొట్టిన మనిషి కాదు. ఆ విద్య ఆయనకు రాదు. ఉక్రోషం పట్టలేక ఇంట్లోకి పోయి అన్నం పెట్టమన్నాడు. మల్లక్క చల్లారిన పొయ్యి ముందు కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది.

"ఎక్కడి అన్నం? నేను గూడ సమ్మెల ఉన్న" అంది.

మర్నాడు మధ్యాహ్నానికి జమున పెదవులు ఎండిపోయాయి. ఎల్లేశం గడపలో కూర్చుని చూస్తూనే ఉన్నాడు. పిల్ల తల సీటు మీద వాలిపోయింది. పంతమూ బిడ్డా ఒక తక్కెడలోకి వస్తే ఏది బరువో ఆయనకు అప్పుడు తెలిసింది. మెల్లగా లేచి కారు దగ్గరికొచ్చాడు.

"ఫొటోకు రాసుకో. ఫొటో దిగినంక ప్లేటు సంగతి నాది. కానీ నేను ఆ అక్షరాలు తుడిపితే ఒట్టు" అన్నాడు.

ఆయన చేతి నిమ్మరసం తాగి జమున దీక్ష విరమించింది. కాలనీ చప్పట్లు కొట్టింది.

సర్వర్ ఇచ్చిన కుంచెతో జమున ఏపీ అని రాస్తుంటే ఎల్లేశం గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఫొటో అయింది, పాలసీ చేతికొచ్చింది. అప్పుడు ఎల్లేశం బైండింగు తీగ, రెండు ఎల్ బోర్డులూ తీసుకుని కారు ముందు కూర్చున్నాడు. ముందొకటి, వెనకొకటి బిగించాడు. బోర్డు కింద సరిగ్గా ఆ రెండక్షరాలూ దాక్కున్నాయి.

"సర్కారు ఎల్ బోర్డు పెట్టుమన్నది. పెట్టిన. గింత పక్కకు పెట్టుమని ఎవలూ చెప్పలే."

జమున పడీ పడీ నవ్వింది. తండ్రి మీద అంత ప్రేమ ఆమెకు ముందెన్నడూ కలగలేదు. ఎల్లేశం దర్జాగా ఎడమ సీట్లో కూర్చుని, "ఇగ నడువు బిడ్డా" అన్నాడు. కారు వాకిట్లోనే ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేస్తే సారవ్వ ముగ్గు తొక్కింది. మూడోసారికి రోడ్డెక్కింది. మూల మీద స్టూలు వేసుకుని కూర్చున్న సదయ్య తన కర్ర పైకెత్తి ఊపాడు.

సమ్మె ముగిసింది. జమునకు పక్కా లైసెన్సు వచ్చింది. ఎల్ బోర్డు మాత్రం కదల్లేదు. మంచిర్యాల పోయినా, గోలేటిలో పెళ్ళికి పోయినా ఆ బోర్డుతోనే పోయింది. "ఏందే, ఇంక నేర్చుకుంటనే ఉన్నవా?" అని ఎవరైనా వెక్కిరిస్తే, "రాష్ట్రం వచ్చినదాక నేర్చుకుంట, నీకేమన్న తక్లీఫా?" అని హారన్ కొట్టి మరీ పోయేది. ఏటేటా ఇన్సూరెన్స్ మాత్రం ఆమే మరిచిపోకుండా కట్టేది.

రాష్ట్రం వచ్చిన రోజు పొద్దున కాలనీ అంతా గులాల్ చల్లుకుంటోంది. జమున పట్కారు తెచ్చి తుప్పు పట్టిన తీగ తెంపింది. ఎల్ బోర్డు ఊడొచ్చింది. ఎండా వానా తగలక లోపలి ఏపీ నిన్న రాసినట్టే ఉంది. పక్కన రంగు డబ్బా, కుంచె సిద్ధంగా పెట్టుకుంది.

"చెప్పు బాపూ. తుడిపెయ్యాల్నా?"

ముఖం నిండా గులాల్‌తో ఎల్లేశం ఆ ప్లేటు ముందు గొంతుక్కూర్చున్నాడు. కన్నీళ్ళకు చెంపల మీద రంగు కరిగి కారింది. ఆ అక్షరాల మీద ఒకసారి వేలితో తడిమి చూసి, కుంచె తీసి రంగులో ముంచకుండానే కూతురికి తిరిగిచ్చేశాడు.

"ఉండనియ్ బిడ్డా" అన్నాడు. "ఇప్పుడు వట్టి రెండక్షరాలే."