రోగి సీసా

పాలలో ఎర్రరంగు చుక్కలు వేసి గాజుకడ్డీతో కలుపుతోంది ఆమె. గులాబీరంగుకు తిరిగేదాకా ఫరవాలేదు. ఇంకో రెండు చుక్కలు పడితే మాత్రం అటు చూడబుద్ధి కాదు. ముఖం పక్కకు తిప్పుకుని కలిపింది.

ఆ బడిలో సైన్సు ల్యాబు అటెండరు ఆమె. గ్యాసు గొట్టం వాసన చూడందే తాళం వేయదు. మెట్ల మీద పిల్లలు పరిగెత్తితే తన కాలే విరిగినట్టు కేకలేస్తుంది. పిల్లలు జాగ్రత్తమ్మ అని పేరుపెట్టి ఎదురుగానే పిలుస్తారు. ఆమె పలుకుతుంది కూడా. ఇంటికెళితే ఏ పేరుతోనూ పిలిచేవాళ్లు లేరు.

ఈరోజు రక్తం గ్రూపుల పాఠం. రోగి సీసా టీచరమ్మ బల్ల మీద ఉంటుంది, పిల్లల బల్లలకు తలో దాత సీసా. అన్నిట్లోనూ ఈ ఎర్రపాలే. గ్రూపు తేల్చేవి ఒక్కో బల్ల మీదా పెట్టే మందు సీసాలు: 'ఏ' గ్రూపుకు నీలం, 'బి' గ్రూపుకు పసుపు. మందులో వెనిగర్ ఉంటే పాలు విరిగి గడ్డలు కడతాయి, వట్టి రంగునీళ్లయితే కట్టవు. రెండింటికీ కట్టకపోతే అది 'ఓ' గ్రూపు.

"అక్కా, ఈసారి రోగిది ఓ. దాతల్లో మాత్రం ఓ ఉండకూడదు," అంది టీచరమ్మ.

"అంటే... దొరకదా టీచరమ్మా?"

"దొరకదు. ఒక్కోసారి దొరకదని వాళ్లకీ తెలియాలిగా."

"చిన్నపిల్లలమ్మా."

"తొమ్మిదో తరగతి చిన్నపిల్లలా? మీసాలొస్తున్నాయి వాళ్లకి!"

దొరకదని ఆమెకు ఒకరు చెప్పాలా? ఏళ్ల కిందట కొడుకు కోసం ఆస్పత్రి వరండాలో చెయ్యి చాపి, ఉన్నదంతా తీసుకోండయ్యా అని బతిమాలింది. "నీది ఏ, బాబుది ఓ. కన్నతల్లిదైనా పనికిరాదమ్మా," అన్నారు. వెతికి తెచ్చేసరికి తెల్లారింది. పిల్లాడికి తెల్లారలేదు.

చివరి బల్ల సీసాల దగ్గరికొచ్చేసరికి ఆమె చెయ్యి ఆగింది. ఎడమచెయ్యి పొద్దుటినుంచీ లాగుతోంది. బకెట్టు మోశానుగా, అదే అనుకుంది. లోకంలో ప్రతిదానికీ బెంగపడే మనిషి, తన ఒంటి సంగతి వచ్చేసరికి అంతలోనే సరిపెట్టుకుంటుంది. వెనిగర్ సీసాకు మూత పెట్టి కుళాయి తిప్పింది.

క్లాసు మొదలైంది.

"జాగ్రత్తమ్మా, ఈ పాలు తాగితే చచ్చిపోతామా?"

"వెధవ ప్రశ్నలు నువ్వూనూ! ఆ సీసా మూతి నోటి దగ్గర పెట్టకు!"

మొదటి బల్ల వాళ్లది నీలానికి గడ్డ కట్టింది. రెండోది పసుపుకు, మూడోది రెండింటికీ. "ఇక రోగి గోవిందా," అన్నాడెవడో వెనకనుంచి. నవ్వారు గానీ, నవ్వు సగంలోనే ఆగింది.

"టీచర్! మాది కట్టలేదు! దేనికీ కట్టలేదు!"

చివరి బల్ల పిల్ల కుర్చీ ఎక్కి అరుస్తోంది. టీచరమ్మ తలతిప్పి అటెండరు వైపు చూసింది. ఆమె తలవంచుకుని, శుభ్రంగా ఉన్న బల్లనే మళ్లీ తుడుస్తోంది.

"సరే," అంది టీచరమ్మ. "దాత దొరికాడు. రోగి బతికాడు."

గది దద్దరిల్లింది. "మెల్లగా! గాజు పగులుతుంది! కుర్చీ దిగు తల్లీ, పడతావు!" అని అరిచింది ఆమె, ఎన్నడూ లేనిది నవ్వుతూ.

వెళుతూ వెళుతూ గుమ్మంలో ఆగింది టీచరమ్మ. "రేపు మాట్లాడదాం అక్కా," అంది. గొంతులో కోపం లేదు.

బడి ఖాళీ అయ్యాక దాతల సీసాలన్నీ కుళాయి కింది కుండీలో వంపి కడిగింది. రోగి సీసా వంపడానికి మాత్రం ఏ ఏడూ చేతులు రావు. చల్లటి నీళ్ల గిన్నెలో నిలబెట్టింది. గ్యాసు వాసన చూసింది. చెయ్యి మళ్లీ లాగింది, ఈసారి గుండెదాకా. ఒక్క క్షణం కూర్చుని వెళదామని స్టూలు మీద కూర్చుని, గోడకు తల ఆనించింది.

పొద్దున్నే వాచ్‌మన్ వచ్చి, తాళం వేయని తలుపు తోసి, "అక్కా, రాత్రి ఇక్కడే నిద్రపోయావా?" అన్నాడు. దగ్గరికొచ్చి మళ్లీ పిలిచాడు. చెయ్యి తాకి, వెనక్కి తీసుకున్నాడు.

కుండీ పక్కన, నీళ్ల గిన్నెలో, మూత గట్టిగా బిగించిన ఆ చిన్న సీసాలో పాలు ఇంకా విరగలేదు.