రెండు టీవీలు, ఒక డబ్బా గుండీలు

మా మామగారికి ఇద్దరు కూతుళ్ళు. పెద్దమ్మాయిని నాకిచ్చాడు. చిన్నమ్మాయిని పళ్ళ సెట్లు చేసేవాడికిచ్చాడు. వాడే నా తోడల్లుడు. డాక్టరేం కాదు. డాక్టర్లు కొలతలు పంపిస్తే అచ్చు పోసి, బోసినోళ్ళకు సరిపడే పళ్ళు తయారు చేస్తాడు. అయినా వీధిలో అందరూ వాణ్ణి డాక్టరుగారనే పిలుస్తారు. వాడు కాదనడు, నవ్వి ఊరుకుంటాడు. నేను సోఫాలు కుడతాను. నన్నెవరూ గారు అనరు. "సోఫా ఉన్నాడా?" అని మా గుమ్మంలో నిలబడి మా ఆవిడనే అడుగుతారు.

వాడికి చదువుంది, నెల తిరిగేసరికి జీతముంది, మెత్తటి చేతులున్నాయి. నేను ఏడో తరగతి మధ్యలోనే బడి ఎగ్గొట్టి మిషను ముందు కూర్చున్నవాణ్ణి. కానీ ఒక్కచోట మాత్రం వాడు నాకంటే వెంట్రుకవాసి ఎక్కువ కాదు. అది మామగారి దగ్గర. ఆయన అల్లుళ్ళిద్దరికీ ఏమిచ్చినా ఒకేలాంటిది ఇచ్చేవాడు. ఒకే తానులోంచి రెండు చొక్కాలు. ఒకే దుకాణంలో రెండు గొడుగులు. ఏ పెళ్ళికో ఆ చొక్కాలు వేసుకుని వెళ్తే బ్యాండు మేళంవాళ్ళు వచ్చారని జనం నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వనీ. ఆ గీతల చొక్కాల్లో డాక్టరెవరో, సోఫా ఎవరో ఎవడికి తెలుస్తుంది?

మా పాత టీవీ ఒక సాయంత్రం టప్పున ఆరిపోయింది. కొన్నాళ్ళకే వాళ్ళ టీవీలోనూ నిలువుగా గీతలు పడ్డాయి. మామగారు కబురు పెట్టాడు. "ఇద్దరికీ నేనే కొనిస్తాను. నా చేత్తో ఇచ్చే పెద్ద వస్తువు ఇదే ఆఖరు, మళ్ళీ అడక్కండి" అన్నాడు.

కొనేముందు రెండిళ్ళకూ వచ్చి చూశాడు. జీవితమంతా కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసినవాడు కదా, చూడటమంటే ఆయనకు పెద్ద పని. మా ముందుగదిలో నా మిషను దగ్గర స్టూలు మీద కాసేపు కూర్చున్నాడు. తర్వాత గోడవారన చాప మీద చతికిలబడ్డాడు.

"ఇక్కడెవరు కూర్చుంటారమ్మా?"

"నేనే నాన్నా. గుండీలు చుట్టుకుంటూ చూస్తాను" అంది మా ఆవిడ.

"ఈ కిటికీ ఎప్పుడూ తెరిచే ఉంటుందా?"

"మూస్తే దారం కనపడదు మామయ్యా" అన్నాను.

గుండీలంటే చొక్కా గుండీలు కాదు. సోఫా వీపు గుంటలు గుంటలుగా కనపడాలంటే అక్కడక్కడా గుండీలు పెట్టి లోపలికి లాగి కడతాం. వాటికి సోఫా గుడ్డే చుట్టాలి. నేను గుడ్డ కత్తిరించి డబ్బాలో వేస్తే, ఆవిడ సీరియలు చూస్తూ చుట్టేది. నాకు ఆ సీరియలు ముక్క అర్థమయ్యేది కాదు. ఆవిడ నవ్వితే ఎందుకు నవ్వావని అడిగేవాణ్ణి. ఎవరు ఎవర్ని ఎలా బోల్తా కొట్టించారో ఆవిడ చెప్పేది. మా ఇద్దరి మధ్య కబుర్లంటే రోజు మొత్తానికి అవే.

అందరం కలిసి దుకాణానికి వెళ్ళాం. మామగారు రెండు టీవీల ముందు నిలబడ్డాడు. ఒకటి ముప్పై రెండు అంగుళాలది, ఇంకోటి నలభై మూడు. అక్కడ అమ్మే పిల్ల గడగడా చెప్పింది. "చిన్నదాని తెర మెరవదండీ, ఎదురుగా కిటికీ ఉన్నా పర్వాలేదు. పక్కనుంచి చూసినా రంగు మారదు. కాకపోతే చీకట్లో నలుపు కాస్త బూడిదగా కనిపిస్తుంది. పెద్దదానిది మంచి నలుపు. దీపాలార్పేసి ఎదురుగా కూర్చుని సినిమా చూడ్డానికి ఈ ధరలో దీన్ని మించింది లేదు. పక్కకి జరిగారో, బొమ్మ వెలిసిపోతుంది."

మామగారు నా భుజం మీద చెయ్యి వేశాడు. "చిన్నది నీకు. పెద్దది తమ్ముడికి."

నా చెవుల్లోంచి వేడి వచ్చింది. "ఇన్నాళ్ళూ లేని తేడా ఇప్పుడెందుకు మామయ్యా?"

"తేడా ఏముందయ్యా ఇందులో? నీది వెలుతురు గది. వాడిది కిటికీ లేని వెనకగది. భోజనాలయ్యాక మంచం మీద కూర్చుని నేరుగా చూస్తారు. ఇన్నేళ్ళూ మీ ఇద్దరికీ ఒకే కళ్ళజోడు పెట్టాను. ఎవరికి సరిపోయిందో, ఎవరికి లేదో."

"నాకు సరిపోయింది" అన్నాను.

మా ఆవిడ మోచేత్తో పొడిచింది. నేను పెద్ద టీవీ అంచు పట్టుకుని నిలబడ్డాను. ఎవడైనా లాక్కుంటాడేమో అన్నట్టు.

"అన్నయ్యకు పెద్దదే ఇష్టమైతే తీసుకోనివ్వండి మామయ్యా. మాకు ఏదైనా ఒకటే" అన్నాడు తోడల్లుడు.

ఏదైనా ఒకటే! ఆ మాట విని ఒళ్ళు మండిపోయింది. అన్నీ ఉన్నవాడి నోట్లోంచే వస్తుంది ఆ మాట. నాకు ఏ రోజూ ఏదైనా ఒకటే అవలేదు.

పెద్దది మా ఇంటికి వచ్చింది. గోడకు బిగించిన సాయంత్రం ఎదురుగా స్టూలు మీద కూర్చుని చూశాను. గోడ బద్దలు కొట్టి అవతల ఇంకో ఊరు పెట్టినట్టుంది. వాళ్ళింట్లో చిన్నది గోడకు అతికించిన తపాలా బిళ్ళలా ఉంటుందనుకుని హాయిగా నవ్వుకున్నాను.

మర్నాడు పగలు ఆ ఊరు మాయమైంది. కిటికీ వెలుతురు పడి తెరంతా అద్దమైపోయింది. నా బట్టతల, నా మిషను, వీధిలో పోయే సైకిళ్ళు అందులోకి వచ్చి చేరాయి. పక్కన చాప మీద కూర్చున్న మా ఆవిడ ముఖం కూడా గాజులో కనిపించింది. కళ్ళు చిట్లించి చూస్తోంది.

"ఏమైంది?" అన్నాను.

"వీళ్ళందరికీ ఎవరో సున్నం కొట్టినట్టున్నారు. అత్తెవరో కోడలెవరో తెలిసి చావడం లేదు."

"నా స్టూలు మీదికి రా."

"మరి మీరు మిషను నెత్తిన పెట్టుకుని కుడతారా?"

కిటికీకి పరదా కట్టాను. బొమ్మ కాస్త తేరుకుంది. నా కుట్టు మాత్రం దారి తప్పింది. ఒక సోఫా చేతి మీద కుట్టు పాములా మెలికలు తిరిగితే మొత్తం విప్పి మళ్ళీ కుట్టాల్సి వచ్చింది. పరదా తీసేశాను. మర్నాడు సాయంత్రం గుండీల డబ్బా చంకన పెట్టుకుని, "చెల్లెలింట్లో చూసి వస్తాను" అని బయల్దేరింది.

ఆ రోజు మొదలు రోజూ అదే వరస. ఆవిడ వెళ్ళగానే ముందుగదిలో నేనూ, గాజులో ఇంకో నేనూ. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని కుట్టుకునేవాళ్ళం. వాడూ నాలాగే మూతి ముడుచుకుని ఉండేవాడు. నవ్వే మనిషి లేదు, ఎందుకని అడగడానికి. అక్కడ వాళ్ళు నవ్వుకుంటున్నారని మాత్రం తెలుసు. ఇంటికొచ్చేసరికి ఆ నవ్వు ఆవిడ ముఖం మీద ఇంకా కొంచెం మిగిలి ఉండేది. నా దగ్గరికి రాగానే ఆరిపోయేది.

ఒక్క సంగతి మాత్రం ఒప్పుకోవాలి. గుండీలు అద్భుతంగా వస్తున్నాయి. గుడ్డ ఎక్కడా ముడత లేదు. చారల గుడ్డయితే చార సరిగ్గా గుండీ నడుమ పడుతోంది. "ఈమధ్య నీ చెయ్యి భలే తిరిగిందే" అన్నాను ఒకసారి. ఆవిడ "ఊ" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ చీకటి గదిలో, ఆ బుల్లి టీవీ ముందు ఈవిడకు ఇంత ఒడుపు ఎక్కణ్ణుంచి వచ్చిందా అని కూడా ఏడ్చుకున్నాను.

చివరికి ఒక సాయంత్రం పని ఆపి వాళ్ళింటికి నడిచాను. సందు మలుపు తిరక్కముందే నవ్వులు వినిపించాయి. మా ఆవిడ నవ్వు వేరే ఎవరిదో అనిపించింది, అంత గట్టిగా ఉంది. చెప్పులు విడిచి నేరుగా వెనకగదిలోకి వెళ్ళాను.

మంచం మీద అక్కాచెల్లెళ్ళిద్దరూ కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. మామగారు గోడకు ఆనుకుని ఒక మూల కుర్చీలో ఉన్నాడు. అంత పక్కనుంచి కూడా ఆ చిన్న టీవీలో అత్తా కోడలూ ఎవరికి వారు చక్కగా తెలుస్తున్నారు. నా తోడల్లుడు కింద పీట మీద కూర్చున్నాడు. ఒళ్ళో నా డబ్బా. చేతిలో పళ్ళకు మెరుగు పెట్టే సన్నటి పనిముట్టు. దాంతో నా గుండీ గుడ్డ అంచులు ఒక్కొక్కటే లోపలికి నొక్కుతున్నాడు.

"రండి బావగారూ" అంది మరదలు. "మీ గుండీలు మా ఆయనకు తెగ నచ్చేశాయి. పళ్ళకంటే ఇవే నయమట. నోరు తెరిచి నొప్పి అనవుట."

నేను మా ఆవిడ వైపు చూశాను. "ఎన్నాళ్ళ నుంచి ఇది?"

"వచ్చిన మొదటిరోజు నుంచీ. బాగున్నాయన్నారుగా?"

బాగున్నాయన్నాను. నా నోటితోనే అన్నాను. నా టీవీ కంటే వాడి టీవీ బాగుంది, సరే. నా ఇంట్లో లేని నవ్వు వాడింట్లో ఉంది, అదీ సరే. ఇప్పుడు నా సోఫా వీపు మీద కూడా వాడి చెయ్యే ఉంది.

వాడు లేచి పీట నా వైపు జరిపాడు. "అన్నయ్యా, మీతో ఒక మాట చెప్పాలనుకుంటున్నా. టీవీలు మార్చుకుందామా? దీపాలార్పితే ఇది మాకు మరీ బూడిద కొడుతోంది. మీది మాకు ఇప్పిస్తే..."

అవసరం తనదన్నట్టు అడిగాడు. నా మాట నిలబెట్టడానికి తన టీవీకి వంక పెట్టాడు. తిట్టినా పడేవాణ్ణి కానీ, ఆ మంచితనం నా వల్ల కాదు. మామగారు కళ్ళజోడు తీసి పంచె కొసతో తుడుచుకుంటున్నాడు. ఎంతసేపు తుడుస్తాడు?

"మాది బ్రహ్మాండంగా ఉంది" అన్నాను.

"అవును, బ్రహ్మాండమే" అంది మా ఆవిడ. "ఈయన తల, ఈయన మిషను, వీధిలో సైకిళ్ళు, అన్నీ దివ్యంగా కనిపిస్తాయి."

అందరూ పగలబడి నవ్వారు. మామగారు కూడా. ఆవిడ మాత్రం నవ్వకుండా మంచం దిగి డబ్బా తీసుకుంది. "పదండి. రేపట్నుంచి రానులెండి. ఇంట్లోనే గోడకేసి చూస్తూ చుట్టుకుంటాను. మీరు సుఖంగా ఉండండి."

గుమ్మం దాకా వచ్చాను. ఆ గోడ, ఆ మౌనం, గాజులో నా ఎదురుగా కూర్చునే ఆ మూతిముడుపువాడు, అన్నీ కళ్ళముందు కదిలాయి. వెనక్కి తిరిగి, "పొద్దున్నే పట్టుకొస్తాను. మేకులు సిద్ధం చేసి ఉంచు" అన్నాను వాడితో, అరువు అడగొచ్చినవాడికి దయతలిచినట్టు.

మర్నాడు పెద్దది వాళ్ళ వెనకగది గోడకు బిగించాం. మరదలు దీపమార్పింది. ఆ నలుపు కాటుకలా చిక్కగా ఉంది. నా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆ టీవీ నాకు ఆ ముఖం చూపించనే లేదు. మామగారు, "ఇప్పుడు సరిపోయింది" అన్నాడు. ఎవరితో అన్నాడో నేను అడగలేదు.

చిన్నది మా ముందుగదిలో ఉందిప్పుడు. కిటికీ తెరిచే ఉంది. ఆవిడ చాప మీద కూర్చుని చూస్తుంది, చుడుతుంది, నవ్వుతుంది. ఎందుకని అడిగితే చెబుతుంది. గుండీలు మళ్ళీ మునుపటిలాగే ముడతలు ముడతలుగా వస్తున్నాయి. నేనేమీ అనను.

మొన్న ఒకాయన తన సోఫా తీసుకెళ్ళడానికి వచ్చాడు. వాడి గుండీలు వేసిన సోఫా అది. ఆయన దాని వీపంతా వేళ్ళతో తడిమి, "పని అంటే ఇదీ! ఎవరిదండీ ఈ చెయ్యి?" అన్నాడు.

"నాదే" అన్నాను.

చాప మీద మా ఆవిడ ఫక్కున నవ్వింది. చూపు టీవీ మీదే ఉంది. సీరియల్లో ఏం జరిగిందని నవ్విందో, నన్ను చూసే నవ్విందో. ఆ పెద్ద టీవీయే అయితే గాజులో ఆవిడ ముఖం చూసి పట్టేసేవాణ్ణి. దీంట్లో బొమ్మ తప్ప ఇంకేమీ కనపడదు. ఎందుకు నవ్వావని మాత్రం ఆ రోజు అడగలేదు.