ఎత్తు మలుపులో ఆపిన బండి

ఇరవై ఏడేళ్ల బండికి ఇంకా పుట్టినప్పటి క్లచ్ ప్లేటే ఉందంటే ఎవరూ నమ్మరు. నమ్మమని హిసానో ఎవరినీ బతిమాలదు కూడా. రెండేళ్లకోసారి ట్రక్కుని తనిఖీకి తీసుకెళ్లినప్పుడు మెకానిక్కే వచ్చినవాళ్లందరినీ పిలిచి మరీ చెబుతాడు. ఆవిడ పక్కన నిలబడి, తనకేమీ పట్టనట్టు టీ తాగుతుంది. ఆ రోజు సాయంత్రం దాకా ఆవిడ నడకే వేరుగా ఉంటుంది.

గొప్పలు పోవాల్సిన సంగతే మరి. ఆ ఊరి కమలా తోటలన్నీ సముద్రం మీదికి నిలువునా లేచిన కొండ మీద మెట్లు మెట్లుగా ఉంటాయి. తోటల దారిలో ఒక చిన్న ట్రక్కు పట్టిందంటే రెండోదానికి చోటుండదు. ఆ దారిలోనే కొడుకు యోషిహిరో తన బండికి పదేళ్లలో రెండు క్లచ్‌లు తగలేశాడు. వాడి ఎడమకాలికి క్లచ్ మీద తప్ప ఇంకెక్కడా నిద్ర పట్టదనీ, వాడికి ఓడలో ఉద్యోగం దొరకడం ఊళ్లో బండ్ల అదృష్టమనీ హిసానో అందరి ముందూ అనేది. వాడు నవ్వి ఊరుకునేవాడు. కాదనడానికి వాడి దగ్గర ఏముంది గనక?

ఇప్పుడావిడకి డెబ్బై ఎనిమిది నిండబోతున్నాయి. సాయంత్రమైతే దారి అంచు సరిగ్గా ఆనడం లేదు. పుట్టినరోజు నాడు లైసెన్సు పోలీసు స్టేషన్‌లో తిరిగి ఇచ్చేస్తానని తనంతట తనే చెప్పింది. చెప్పాక మాట మార్చే మనిషి కాదు. బాధల్లా పై తోట గురించే. ఆవిడా, పోయిన మొగుడూ కలిసి రాయి మీద రాయి పేర్చి కట్టుకున్న తోట అది. ఎరువు ఎక్కాలన్నా కాయ దిగాలన్నా ఆ ట్రక్కే దిక్కు. నడిపే మనిషి లేకపోతే దాన్ని అడవిపందులకి అప్పగించి దణ్ణం పెట్టడమే.

మిగిలింది కోడలు చిజురు. ఒసాకాలో ఏడంతస్తుల దుకాణంలో తొమ్మిదేళ్లు అమ్మకాల బల్ల వెనక నిలబడ్డ పిల్ల. గేర్లు లేని బండి లైసెన్సు ఉండేది, డ్రైవింగ్ స్కూలుకి వెళ్లి గేర్ల బండి పరీక్ష మొదటిసారే గట్టెక్కింది. ఆ సంబరం ఇంటికి చేరకముందే అత్తగారు, స్కూలు మైదానంలో కొండ ఉందా అని అడిగి గాలి తీసేసింది.

వేసవి నుంచి రోజూ పొద్దున్నే పాఠాలు. మొదట దళసరి రబ్బరు బూట్లు విప్పించి, బొటనవేలు విడిగా ఉండే పల్చటి గుడ్డ బూట్లు తొడిగించింది. క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో చెవికంటే ముందు అరికాలికి తెలియాలట. గేరు మారగానే కాలు పూర్తిగా తీసి కింద పెట్టాలి. సగం తొక్కి ఉంచడం బండి కదిలేదాకానే, ఆ తరవాత ఒక్క ఊపిరి కూడా ఎక్కువ కాదు. ఎత్తులో బండిని నిలబెట్టాల్సింది బ్రేకు గానీ క్లచ్ కాదు. ఆగితే న్యూట్రల్ చేసి రెండు కాళ్లకీ పని తప్పించాలి. మాడిన వాసన వచ్చాక ఏడ్చి లాభం లేదు.

చిజురు అన్నీ ఇట్టే పట్టేసింది. ఒక్కటే పట్టుబడలేదు. ఎవరైనా పక్కకి జరిగి దారిస్తే ఆ పిల్ల ఊరికే ఉండలేదు, వంగి నమస్కరిస్తుంది. రోజూ దుకాణం తలుపులు తెరిచే ముందు వరసగా నిలబెట్టి వాళ్లకి నేర్పించిన వంగుడు అది, నడుం దగ్గర నుంచి మొదలవుతుంది. నడుం వంగడంతోనే క్లచ్ మీది కాలు పైకి లేస్తుంది. బండి ఒక్క గంతు వేసి చచ్చి ఊరుకుంటుంది. ఇంజన్ ఆగిపోయిన ట్రక్కులో కూచుని, ఆపినందుకు మళ్లీ వంగుతుంది. పై తోటకి ఆనుకుని కిందున్న తోట హమదాది. ఆయన ఈ సంగతి ఊరంతా చాటాడు. తాను దారిచ్చినప్పుడల్లా హిసానో బండికి మూర్ఛ వస్తోందని కాయలు అప్పగించే షెడ్డులో అందరినీ నవ్వించాడు. హిసానోకి తల కొట్టేసినట్టయింది.

"తల వంచకు తల్లీ. చెయ్యెత్తు, చాలు. నేను గడ్డం ఎగరేస్తానే, అలాగ."

"పెద్దాయన అత్తయ్యా. ఆగి మరీ దారిచ్చాడు. గడ్డం ఎలా ఎగరేస్తాను?"

"అయితే ఆయనకి మర్యాద చెయ్యి, నా క్లచ్‌ని చంపు."

ఆ రాత్రి అన్నం దగ్గర కూడా చిజురు ఏదో ఆలోచిస్తూనే ఉంది.

పుట్టినరోజుకి ముందు రోజు రానే వచ్చింది. ముందుగా పండే కమలాల కోత అయిపోయింది. కాయలిచ్చిన చెట్లకి కృతజ్ఞతగా వేసే ఎరువు పైకి ఎక్కించాలి, ఇరవై కిలోల బస్తాలు పదిహేడు. అంతకు మించి ఒక్కటి వేసినా ట్రక్కు మోయదు. ఇదే పరీక్ష అని హిసానో ముందే చెప్పింది. బస్తాలు పై తోటకి చేరితే తాళంచెవి కోడలిది. చేరకపోతే పై తోట మీద ఆశ వదులుకోవడమే. చెప్పి పక్క సీట్లో కూచుంది.

కింది మలుపులన్నీ ఇట్టే దాటేశారు. అన్నిటికన్నా నిటారు మలుపు దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా హమదా ట్రక్కు దిగుతోంది. ఆయన పక్కనున్న కాస్త జాగాలోకి జరిగి ఆగాడు. ఆ మలుపులో ఎక్కేవాళ్లెవరూ ఆగరు. బరువుతో ఆగితే మళ్లీ కదలడం కష్టమని అందరూ ఒక్క ఊపున దాటేస్తారు.

చిజురు ఆపేసింది.

వెనక మూడువందల నలభై కిలోలు, కింద సముద్రం. హిసానో చెయ్యి హ్యాండ్ బ్రేకు మీదికి పోబోయింది. అప్పటికే అక్కడ కోడలి చెయ్యి ఉంది. బ్రేకు బిగించింది, న్యూట్రల్ చేసింది, రెండు కాళ్లూ తీసి కింద పెట్టింది. అప్పుడు హమదా వైపు తిరిగి తీరిగ్గా, నడుం దాకా వంగింది. ఆయన కంగారుగా వంగాడు. ఈ పిల్ల మళ్లీ వంగింది. ఆయనా మళ్లీ వంగాడు. బండి మాత్రం రాయిలా నిలబడి ఉంది.

తరవాత క్లచ్ పూర్తిగా తొక్కి మొదటి గేరు వేసింది. కాలు మెల్లగా వదిలింది. ఇంజన్ గొంతు బరువెక్కింది, బండి ముందుకి ఒరగబోయింది. అప్పుడు బ్రేకు దించింది. ట్రక్కు ఒక్క అంగుళం వెనక్కి జారలేదు, వాసన లేదు, అదురు లేదు. పైకి పోయింది. కోడలి ఎడమకాలు అప్పటికే క్లచ్ వదిలి నేల మీద ఉంది. హిసానో కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది. ఆ పిల్ల తన కోడలని గట్టిగా అరిచి చెప్పాలనిపించింది ఆవిడకి.

ఎరువు చల్లి మధ్యాహ్నం దిగి వచ్చేసరికి హమదా దారి మొదట్లోనే కాచుకుని ఉన్నాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఆ ఎత్తులో ఆపి, మళ్లీ లేపడమా అక్కా! నీ చేతి చలవ. నీ కాలే వచ్చింది ఆ పిల్లకి."

యాభై ఏళ్లుగా హిసానోకి ఇష్టమైన మాటే అది. ఔనని ఊరుకుంటే సరిపోయేది.

"క్లచ్ నేర్పింది నేనే, కాదనను," అంది. "ఆగడం దాని సొంతం. యాభై ఏళ్లుగా నాకు దారిస్తున్నావు హమదా, ఒక్కసారైనా తల వంచానా?"

"గడ్డం ఎగరేసేదానివిగా. నీ తీరే అంత అనుకున్నాం."

"తీరూ కాదు, గీరూ కాదు. అక్కడ ఆగితే మళ్లీ లేపలేనేమోనని భయం. అందుకే ఎప్పుడూ ఆగలేదు."

హమదా టోపీ మళ్లీ పెట్టుకున్నాడు. చిజురు అత్తగారి వైపు చూసింది. హిసానో జేబులోంచి లైసెన్సు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"రేపటిదాకా ఎందుకే అమ్మాయ్, పోలీసు స్టేషన్‌కి ఇప్పుడే పోనీ," అంది.