వీధికి అవతలి నుంచి

ముందు చిటపట.

పాత రికార్డు మీద సూది ఆనగానే, నూనెలో ఆవాలు పేలినట్టు. ఆ వెనక ఎడ్నా మే గొంతు...

జర్మనీలోని డ్రెస్డెన్‌లో మూడో అంతస్తు గది. లాక్‌డౌన్. కంప్యూటర్ చిప్పుల కంపెనీ మీటింగులు అయిపోతే హారికకు ఆ గొంతు ఒక్కటే తోడు.

ఎడ్నా మే నూరేళ్ల కిందటి అమెరికా నల్లజాతి గాయని. పగలు ఊరి బట్టలు ఉతికేది. సాయంత్రాలు బ్లూస్ అనే దుఃఖపు పాటలు పాడేది. ఆనాటి ఫ్లూలో వాళ్లమ్మ పోయింది. అంటురోగమని కూతుర్ని ఇంట్లోకి రానివ్వలేదు. వీధికి అవతల నిలబడి, వాయిద్యమేదీ లేకుండా, గొంతెత్తి పాడింది. బతుకంతా ఆ పాటే పాడి, చివరికి అద్దె గదిలో ఒంటరిగా పోయింది. రికార్డు అట్ట వెనక ఇంతే రాసి ఉంది.

హారికకు ఆ పాట కొత్త కాదు.

నానమ్మ పోయినప్పుడు అమ్మ ఇలాగే రాగం తీసి ఏడ్చింది. పెట్టిన ముద్దలూ తిట్టిన తిట్లూ అన్నీ తలుచుకుంటూ. పన్నెండేళ్ల హారికకు తల కొట్టేసినట్టయింది. "అందరు చూస్తుండ్రమ్మా, ఊకో" అంది.

ఎంత మాట అంది!

లాక్‌డౌన్ల రెండో ఏడు, మే నెల, ఆదివారం. కరీంనగర్‌లో అమ్మను కరోనా తీసుకుపోయింది. వెళ్లే దారి లేదు. ఆసుపత్రి నుంచి శ్మశానానికి పోయే అంబులెన్సు ఇంటి ముందు ఐదు నిమిషాలు ఆగుతుందట.

ఐదే.

వీడియో కాల్‌లో తెల్లబండి. ఆదిలక్ష్మి పెద్దమ్మ ఫోను దానికేసి పట్టుకుంది. "బిడ్డా, ఒక్కసారి మీ అమ్మను పిలువే..."

ఈ దేశంలో ఆదివారం గోడకు మేకు కొట్టినా తప్పే. పొరుగువాళ్లు తలుపుకు చీటీ అంటిస్తారు.

అంటించనీ.

"ఓ అమ్మా... నా తలకు నూనె వెట్టిన అమ్మా... నేనెవ్వరికి చెప్పుకుందునమ్మా..."

ఎడ్నా మే ఆగే చోట హారిక ఆగింది. అమ్మ ఎత్తుకునే చోట ఎత్తుకుంది. సిగ్గు ఎటు పోయిందో పోయింది. కిటికీలు తెరుచుకున్నాయి. ఎదురు బాల్కనీలో ముసలాయన టోపీ తీసి నిలబడ్డాడు.

బండి కదిలింది.

తెరలోకి పెద్దమ్మ ముఖం వచ్చింది. "ఒక్క మాటన్న పిలువకపోతివి బిడ్డా. గింత రాయివైతివా?"

హారిక తెర కింద చూసింది. మైకు బొమ్మ మీద ఎర్రగీత.

ఏడాదిగా కాల్‌లో చేరగానే మైకు ఆపేయడం అలవాటు. వేలు దానంతటదే నొక్కేసింది.

పరాయి వీధి అంతా విన్నది. అమ్మ వాకిలి వినలేదు.

గీత తీసేసింది. బొంగురు గొంతు ఇప్పుడు కరీంనగర్‌లో వినిపించింది —

"పెద్దమ్మా... ఆ బండిని ఒక్కసారి ఆపమనవా..."