ఆగిపోకూడని మిషన్

చెల్లెలు వంటింట్లో అంట్లు తోముతూ ఉండగా ముందుగదిలోంచి అన్న గొణుగుడు వినిపించింది.

"మళ్లీ వచ్చింది అప్‌డేట్ గోల! పొద్దున్నే ప్రాణం తోడేస్తుంది."

"వేసెయ్యి అన్నయ్యా. పాత బ్రౌజర్‌లో కన్నాలుంటాయట. దొంగలు వాటిల్లోంచే దూరతారట."

"నువ్వు గిన్నెలు తోము తల్లీ. అది వేస్తే నా మిషన్ పలకదు."

అన్న దుకాణాల బోర్డులకు అక్షరాలు కోసి అతికిస్తాడు. ఆ కోత మిషన్ ముసలిది, పాత బ్రౌజర్‌తో తప్ప కదలదు. అందుకే కంప్యూటర్ అడిగినప్పుడల్లా 'తర్వాత' అని నొక్కి పనిలో పడతాడు. చెల్లెలికి గట్టిగా వాదించే నోరు లేదు. మొగుడి దెబ్బలకు తాళలేక వచ్చిన మనిషి. ఆమె కోసమే అన్నావదినలు ఊరు మారి, కొత్త అడ్రసు చుట్టాలక్కూడా చెప్పలేదు. కంటబడితే వాడు బతకనివ్వడు.

గిన్నెలు బోర్లించేలోపే వీధి తలుపు దబదబలాడింది. గడియ ఊడి పడింది. మొగుడు! చేతిలో ఇనప రాడ్డు.

"ఏం బావా, కులాసానా? బోర్డు నమూనా చూడమని లింకు పంపిందెవరనుకున్నావ్? నువ్వు తెరిచావ్, నీ పాత బ్రౌజర్ కన్నంలోంచి నా మనిషి కంప్యూటర్‌లో దూరాడు. నీ బిల్లుల మీద అడ్రసు దొరికింది. ఆ కంప్యూటర్ కెమెరాలోంచి రోజూ చూస్తున్నా, నా పెళ్లాం నీకు కాఫీ ఇవ్వడం, నువ్వు ఊదుకుని తాగడం!"

అన్న అడ్డం పడ్డాడు. మొదటి దెబ్బకి మోచేతి ఎముక పటుక్కుమంది. రెండోది దవడ మీద. పన్నూ నెత్తురూ కలిసి, కోతకు పెట్టిన ఎర్ర స్టిక్కర్ షీటు మీద పడ్డాయి. ఏది రంగో ఏది రక్తమో తెలియలేదు. వాడు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చిన చెల్లెలి జుట్టు పిడికిట బిగించి తలను గోడకేసి కొట్టాడు. మళ్లీ కొట్టాడు. కేకలు విని పెరట్లోంచి వచ్చిన వదిన, పొయ్యి మీద మరిగే నీళ్లు తెచ్చి వాడి వీపున కుమ్మరించింది.

వాడు పొలికేక పెట్టి వీధిలోకి ఉరికాడు. "మళ్లీ వస్తానే! ఈసారి ప్రాణంతో వదలను!"

వదిన అన్న దవడకు తువ్వాలు అదిమింది. "పోలీసుల దగ్గరికి వెళ్దాం. వాడెలా దూరాడో ఆ కంప్యూటర్ డబ్బాలోనే ఉంటుంది. అది చూపిస్తే తప్పించుకోలేడు."

"డబ్బా ఇస్తే ఉంచేసుకుంటారే," అన్న నెత్తురు ఉమ్మాడు. "మిషన్ ఆగిపోతుంది. ఆసుపత్రిలో మెట్ల మీంచి పడ్డానని చెప్దాం. అమ్మాయ్, నువ్వు కొన్నాళ్లు గదిలోంచి బయటికి రాకు. అంతే."

చెల్లెలు కంట్లోకి కారుతున్న నెత్తుర్ని మోచేత్తో తుడుచుకుంది. వంగి, కంప్యూటర్ వైర్లన్నీ పీకేసింది. కోత మిషన్ సగం అక్షరం మీద ఆగింది.

"ఒసేయ్, పిచ్చెక్కిందా? సాయంత్రానికి బోర్డు ఇవ్వాలే! నేనేం తిననూ, నువ్వేం తింటావూ?"

ఆమె డబ్బాను చంకనెత్తుకుంది. గడియ ఊడిన తలుపును కాలితో నెట్టి, పోలీస్ స్టేషన్ వైపు నడిచింది.