కొలను తవ్విన నేల

పదకొండింటికి పాత అతిథులు ఇల్లు ఖాళీ చేస్తే, నాలుగింటికి కొత్తవాళ్లు దిగుతారు. ఈలోగా దియొలింద నాలుగు పడకగదులు సర్దాలి, దుప్పట్లన్నీ మార్చాలి, స్నానాల గదుల్లో కుళాయిల మీద నీటి మరక కూడా లేకుండా తుడవాలి, ఈతకొలనులో రాలిన ఆకులు వలతో తీయాలి. ఆ శనివారం రెండో గదిలో పరుపు ఎత్తి దుప్పటి అంచు దోపుతుండగానే బయట కారు ఆగింది. అప్పటికి టైము ఒకటిన్నర.

పోర్చుగల్‌లో, దోరు నది పైన మెట్లుమెట్లుగా లేచిన ద్రాక్షతోటల నడుమ ఉంటుంది ఆ ఇల్లు. ద్రాక్ష కోతల రోజుల్లో దాని అద్దె వారానికి రెండు వేల నాలుగు వందల యూరోలు. దియొలింద కూలి గంటకు ఏడు. పూర్వం అది కూలీల కొట్టాం. కొండ ఊళ్ల నుంచి నడిచొచ్చిన కోతల ముఠాలు అందులోనే నేల మీద గడ్డి పరుచుకుని, ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క పడుకునేవాళ్లు. ఇప్పటి యజమాని ఇంజనీరు ఒర్తిగావ్ ఆ రాతిగోడల్ని కడిగించి, అలాగే ఉంచి, లోపలంతా కొత్తగా కట్టించాడు.

కారులోంచి దిగినావిడ పేరు కొన్స్తాన్స. లిస్బన్ మనిషి. భర్త, ఇద్దరు ఆడపిల్లలు వెంట ఉన్నారు.

“తొందరగా వచ్చేశాం, ఏమీ అనుకోకండి. మీ పని మీరు చేసుకోండి, మేం కొలను దగ్గర కూర్చుంటాం” అంది మర్యాదగా. రెండడుగులు వేసి ఆగిపోయింది. “అక్కడ నల్లబట్టల్లో నిలబడింది, ఎవరావిడ?”

దియొలింద చేతిలో దిండుగలీబుతోనే బయటికి పరిగెత్తింది. కొలను అంచున, లావెండర్ పొదల పక్కన, వాళ్లమ్మ ఫెలిస్మిన చేతులు జోడించుకుని నిలబడి ఉంది. జూలైలోనే ఇంజనీరు హెచ్చరించాడు. ఎవరో అతిథులు, తాము ఈదుతుంటే ఒక ముసలావిడ వచ్చి చూస్తూ నిలబడుతోందని ఫిర్యాదు రాశారట. “మీ అమ్మని ఇటు రానివ్వకు దియొలిందా. ఇంకోసారి ఇలాంటి మాట వినబడితే నేను వేరే మనిషిని చూసుకోవాల్సి వస్తుంది” అన్నాడు.

“ఎవరో ఊళ్లో ముసలావిడండీ. మతి సరిగ్గా ఉండదు. నేను పంపించేస్తా” అంది దియొలింద.

ఆ మాట ఫెలిస్మినకు వినబడింది. డెబ్బై తొమ్మిదేళ్లొచ్చినా ఆమె చెవులు చురుకైనవి. కూతురి ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. తర్వాత లిస్బన్ ఆవిడ వైపు తిరిగి, బోసినోటితో వెర్రినవ్వు ఒకటి నవ్వింది.

“దారి తప్పొచ్చానమ్మగారూ. ఇది చర్చీ అనుకున్నా” అంటూ తల ఊపుకుంటూ మెట్లు దిగిపోయింది.

“పాపం” అంది కొన్స్తాన్స. ఫోను తీసి, దిగిపోతున్న ఆ నల్లటి వీపును ఫొటో తీసుకుంది.

దియొలింద లోపలికి వెళ్లింది. మిగతా పడకలు ఎలా సర్దిందో ఆమెకే తెలియదు.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి ఫెలిస్మిన పొయ్యి దగ్గర కూర్చుని సూప్‌లోకి ఆకుకూర సన్నగా తరుగుతోంది.

“అమ్మా, ఇందాక...”

“మంచి పన్జేశావు. నేనెవరో తెలిస్తే పని పోయేది. మతి లేదంటే నాకేమన్నా ఊడిద్దా? ఉన్న మతితో నేనేం రాజ్యాలేలాను గనక” అని తనే నవ్వింది. “చూశావా, పిచ్చిదాన్లాగా ఎట్టా నవ్వానో? నాటకాల్లోకి పోవాల్సిందే నేను.”

దియొలింద నవ్వలేకపోయింది. రొట్టె ముక్క చేతిలో పట్టుకుని అలాగే కూర్చుంది.

“అయినా నువ్వంత భయపడతావు గానీ, ఆ ఇంజనీరు మంచోడేనే. నువ్వడగ్గానే కొలను ఇవతలికి జరిపించాడు. నా బిడ్డ జోలికి పోలా. మారాజు” అంది ఫెలిస్మిన. తరిగిన ఆకు కుండలో వేసింది.

దియొలింద లేచి, నీళ్లు తేవాలన్న నెపంతో బయటికి వెళ్లిపోయింది.

దియొలింద పుట్టక ముందు సంగతి అది. ఫెలిస్మినకు పందొమ్మిదేళ్లు. మొగుణ్ణి ఆఫ్రికా యుద్ధానికి పంపారు. ఎనిమిదో నెల కడుపుతో ముఠా వెంట నడిచి కోతలకు వచ్చింది. మగవాడికి రోజు కూలి అప్పటి డబ్బులో ముప్ఫై ఎస్కూదులు, ఆడదానికి పదిహేను. ఒక మధ్యాహ్నం ద్రాక్ష సాళ్లలోనే నొప్పులొచ్చాయి. ఆడవాళ్లు కొట్టాంలోకి మోసుకెళ్లారు. ఆడపిల్ల పుట్టింది. పొద్దుగూకక ముందే కన్నుమూసింది. జ్ఞానస్నానం జరగని బిడ్డకు శ్మశానంలో చోటు లేదన్నాడు ఫాదర్. ఆడవాళ్లే కొట్టాం వెనక గట్టు కింద చిన్న గుంట తీసి, తలగుడ్డలో చుట్టి పూడ్చారు. మేస్త్రి ఆ పూట కూలి కోసేశాడు. మూడో రోజు ఫెలిస్మిన మళ్లీ కత్తెర పట్టుకుని సాలులో నిలబడింది. తర్వాత మొగుడు తిరిగొచ్చాక కాపురం ఈ ఊళ్లోనే పెట్టించింది. ఎందుకు ఇక్కడే అని ఎవరడిగినా చెప్పలేదు.

మూడేళ్ల కిందట కొలను తవ్వే యంత్రం వచ్చిందని తెలిసి, ఫెలిస్మిన కూతురి చేతులు పట్టుకుంది. “నేను చెబితే వినడు. నువ్వు చెప్పవే. కాస్త పక్కకి జరపమను, అంతే.”

దియొలింద కొండెక్కింది కూడా. ఇంజనీరు కాగితాలు పరుచుకుని మేస్త్రీలతో మాట్లాడుతున్నాడు. ఆమెను చూసి తనే పలకరించాడు. “సమయానికొచ్చావ్. ఇల్లు చూసుకోడానికి ఓపికున్న మనిషి కావాలి, ఏడాది పొడుగునా పని. చేస్తావా?” ఆమె చేస్తానంది. కొలను మాట ఎత్తకుండానే కొండ దిగింది. రేపు చెబుదామనుకుంది. మర్నాడు యంత్రం చప్పుడు ఊళ్లోకి వినబడుతుంటే కిటికీ మూసేసుకుంది. పని పూర్తయ్యాక కొలను పక్కన లావెండర్ మొక్కలు నాటారు. “ఆ మొక్కల కింద ఉందమ్మా, ఎవరూ ముట్టలేదు” అని చెప్పింది తల్లితో. అప్పటినుంచి ఫెలిస్మిన ఆ మొక్కల దగ్గరికే వచ్చి ప్రార్థన చేస్తోంది.

సోమవారం ఇంజనీరు ఫోన్ చేశాడు. గొంతులో కోపం లేదు, నవ్వుంది.

“మీ అమ్మని మతిలేనిదన్నావట! బాగా తప్పించావులే. ఇప్పుడొచ్చిన చిక్కేమిటంటే, కొన్స్తాన్సగారికి ఆ ఫొటో తెగ నచ్చింది. బుధవారం వాళ్లు ద్రాక్ష కోస్తారు కదా, భోజనాల దగ్గర మీ అమ్మని కూర్చోబెట్టు. నల్ల శాలువా, ఒక బుట్ట. పాతకాలం కోతలు ఎంత సరదాగా ఉండేవో నాలుగు ముక్కలు చెబితే చాలు. నలభై యూరోలిస్తాను.”

అమ్మ రానంటుందనుకుంది దియొలింద. రానంటే బాగుండుననుకుంది. ఫెలిస్మిన మాత్రం ముఖం కడుక్కుని, పెట్టె అడుగునుంచి పండగ శాలువా తీసింది.

“డబ్బులకి కాదే. ఆ అయ్యకి ఒక్కసారి ఎదురుగా దణ్ణం పెట్టుకోవాలి. పిలిచినాక పోకపోతే ఎట్టా?”

“వద్దమ్మా. ఆయనకి అలాంటివి ఇష్టముండవు.”

“దణ్ణం పెడితే ఇష్టముండనోడు ఎవడుంటాడే, పిచ్చిదానా.”

బుధవారం పొద్దున అతిథులు తలా తొంభై యూరోలు కట్టి, గడ్డి టోపీలు పెట్టుకుని, రెండు సాళ్లు కోశారు. ఆ సాళ్లు కోసే ఊరి ఆడవాళ్లు నలుగురికి ఆ రోజు పని లేదని ముందే కబురొచ్చింది. మధ్యాహ్నం కొలను పక్కన పందిరి కింద బల్లలు వేశారు. చేపలు కాల్చారు. కొన్స్తాన్స కూతుళ్లిద్దరూ నీళ్లలో దూకి కేరింతలు కొడుతున్నారు. ఫెలిస్మినను బుట్ట పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు.

“కోస్తున్నంతసేపూ పాటలు పాడేవాళ్లట కదా అవ్వా?” అడిగింది కొన్స్తాన్స.

“పాడేవోళ్లం తల్లీ. పాడకపోతే మేస్త్రి అరిచేవోడు. పాడే నోట్లో ద్రాక్షపండు ఏసుకోలేం గదా, అదీ ఆడి లెక్క.”

అందరూ నవ్వారు. ఇంజనీరు అందరికంటే గట్టిగా నవ్వాడు.

“భోజనం ఏం పెట్టేవారు?”

“మొక్కజొన్న రొట్టె, ఇద్దరికి కలిపి ఓ ఎండు చేప. తల నాకా నీకా అని జుట్లు పట్టుకునేవోళ్లం.”

మళ్లీ నవ్వులు. ఎవరో చప్పట్లు కొట్టారు. కంచాలు అందిస్తున్న దియొలింద తల ఎత్తలేదు. ఫెలిస్మిన బుట్ట పక్కన పెట్టి, మెల్లగా లేచి, ఇంజనీరు ముందుకొచ్చి రెండు చేతులూ జోడించింది.

“బాబూ, నేను చెప్పాల్సింది ఒకటుంది. నా బిడ్డ పడుకున్న చోటు ముట్టుకోకుండా కొలను పక్కకి జరిపించావు. పెద్ద మనసు నీది. ఆ లావెండర్ మొక్కల కింద చల్లగా ఉంది నా తల్లి. నీ పిల్లలు చల్లగుండాలయ్యా.”

ఇంజనీరు చేతిలో గ్లాసు నోటిదాకా వెళ్లి ఆగింది. “బిడ్డేమిటి? ఏ చోటు?”

“నాకిక్కడ పుట్టి పోయింది గదయ్యా, ఆ బిడ్డ. దియొలింద చెప్పిందిగా నీకు.”

ఇంజనీరు దియొలింద వైపు చూశాడు. మొదట ఆయన కళ్లలో ప్రశ్న, తర్వాత ఒక తేలికపాటి నవ్వు కనిపించాయి. అతిథుల వైపు తిరిగి చేతి వేలు కణత దగ్గర తిప్పి, “చెప్పాను కదా, పాపం, మతి సరిగ్గా ఉండదు. దియొలిందా, ఇంటికి తీసుకెళ్లు. ఎండ తగిలినట్టుంది” అన్నాడు.

ఆ మాటతో ఆమె బయటపడొచ్చు. తల్లి చెయ్యి పట్టుకుని మెట్లు దిగితే చాలు. ఫెలిస్మిన కూడా అప్పుడే కూతురి ముఖం చూసి, అక్కడేదో తేడా కనిపెట్టి, పెదవుల మీదికి ఆ వెర్రినవ్వు తెచ్చుకోబోయింది.

“తీసుకెళ్లను” అంది దియొలింద. “మా అమ్మకి మతి బాగానే ఉంది. ఈవిడ మా అమ్మ. మొన్న అబద్ధం చెప్పానండీ, కొన్స్తాన్సగారూ.” చేతిలో కంచాలు బల్ల మీద పెట్టింది. “అమ్మా, నేనాయనకి చెప్పలేదు. చెప్పడానికొచ్చాను, పనిస్తానన్నాడు, ఊరుకున్నాను. కొలను పక్కకి జరగలేదు.”

కొన్స్తాన్స కుర్చీ వెనక్కి తోసి లేచింది. “బయటికి రండి” అని కూతుళ్లను పిలిచింది. నీళ్ల చప్పుడులో వాళ్లకి వినబడలేదు. మళ్లీ పిలిచింది. ఇంజనీరు ఎవరితోనో “ఇదంతా నాకు తెలియదు, నాకెవరూ చెప్పలేదు” అంటున్నాడు.

ఫెలిస్మిన కొలను అంచుదాకా నడిచి, ఆ నీలం నీళ్లలోకి కాసేపు చూసింది. నీళ్లలో అడుగున పలకలు తప్ప ఏమీ కనబడలేదు. తలెత్తి, కొండ కిందికి, రోడ్డు వైపు, నది వైపు చూసింది.

“మరి ఆ తవ్విన మట్టి ఎక్కడ పోశారే?” అంది.

యంత్రం తవ్విన ఆ రోజు దియొలింద కిటికీ మూసుకుని ఉంది. లారీలు ఎటు వెళ్లాయో చూడలేదు.