కిందమ్మి చెవి

మా వంటింటి నేల కింద నాలుగు వేల ఏండ్లుగా పడుకుని ఉన్న పాప ఈ ఉదయం నుంచి ఊఁ కొట్టడం లేదు.

చనిపోయిందని కాదు. చనిపోవడం ఎప్పుడో అయిపోయింది, ఆ సంగతి అందరికీ తెలుసు. నేను చెప్పేది పలకడం గురించి.

ఆమెను మేం కిందమ్మి అంటాం. పొయ్యికి ఎడమ పక్క, మూర లోతున, కుండలో మోకాళ్ళు ముడుచుకుని ఉంటుంది. ఎవరు పెట్టారో మాకు తెలియదు. మా వాళ్ళు వచ్చి ఈ ఇల్లు కట్టుకునేటప్పటికే ఉంది. మా ఊరి బూడిదగుట్ట పక్కన ఏ ఇంటి నేల తవ్వినా ఇలాంటి కుండ ఒకటి తగులుతుంది. తగిలితే మళ్ళీ కప్పి, పక్కనే పొయ్యి వేసుకుంటాం. పాపకు చలి వేయకుండా.

తొలకరి వాన పడిన మర్నాడు ఇంటి పెద్ద నేలకు నోరు ఆనించి, "అమ్మీ, వాన పడింది. ఇత్తనం తీస్తాండాం" అని చెప్పాలి. కింద నుంచి ఆమె ఊఁ అంటుంది. అప్పుడు విత్తనాల గంప లేపాలి. మా తాత చెప్పాడు, మా నాయన చెప్పాడు, ఇప్పుడు నేను చెప్తున్నాను. ఏడాది మొత్తం మీద నేను మాట్లాడేదాంట్లో ఎక్కువ భాగం ఇదే.

ఈ ఉదయం చెప్తే ఊఁ రాలేదు. మళ్ళీ చెప్పాను. రాలేదు. గంప ఎత్తబోతే లేవలేదు. అందులో ఉన్నవి కొర్రలు, పైన కాసిన్ని ఉలవలు. ఒక చేత్తో ఎత్తే బరువు. నేనూ నా భార్య లింగమ్మా ఇద్దరం పట్టినా గడప దాటడం లేదు. గింజలు గంప అడుగులోంచి నేలను గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

బయట పదను చేను గట్టు మీద కూర్చుని ఉంది. వాన పడినాక మట్టిలో నిలిచే తడిని మేం పదను అంటాం. అది ఎక్కువసేపు కూర్చోదు. దానికి వేరే ఊళ్ళు ఉన్నాయి. అది లేచి పోయిందంటే ఈ ఏడు మా చేను బీడే.

"అలిగిందేమో," అంటాను.

"అలిగేదానికి ఆమేమన్నా నీ కోడలా," అంటుంది లింగమ్మ. "ఎండాకాలంలో పట్నం నుంచి వచ్చిరి గదా, కుంచెలతో పాత ఎముకలు తుడిచే కుంచెలోళ్ళు, వాళ్ళే ఏమో చేసినారు. మన కూడు తిని మన నేల తవ్విరి. పోతా పోతా అలికి మరీ పోయిరి. దొంగలు గాకపోతే అలకడమెందుకు?"

నేల తవ్వుతాను. కుండ ఉంది. పాప ఉంది. కండ్లు లేని ముఖంతో నన్నే చూస్తుంది. లింగమ్మ ఆమె తలను అరచేతిలోకి తీసుకుని మెల్లగా తిప్పుతుంది. కుడి చెవి లోపలి ఎముకను ఎప్పుడో మట్టి తినేసింది. ఎడమ చెవి దగ్గర గుండ్రటి కొత్త రంధ్రం ఉంది. చింతగింజంత ఎముక అక్కడ ఉండాలి, లేదు. రంధ్రం అంచులు నున్నగా ఉన్నాయి. చాలా జాగ్రత్తగా తీశారు. ఆ జాగ్రత్త చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

"పోయి తీసుకోని రా," అంటుంది లింగమ్మ. "నువ్వొచ్చేదాకా పదనుకు సంగటి పెట్టి కూచోబెడ్తా."

బస్సు మా పశువుల పాక దాకా వస్తుంది.

"యాడికి?" అంటాడు కండక్టరు.

"పట్నానికి. చెవులు తీసుకుపోయేటోళ్ళ ఆఫీసుకు."

"మధ్యలో మొన్న వస్తాది, నిన్న వస్తాది. యాడా దిగొద్దు. చివరాఖర్న దిగు పెద్దాయనా."

మొన్న దగ్గర చాలామంది దిగుతారు. నేను దిగను.

ఆఫీసు తలుపు దగ్గర నాకు తెల్లబట్టలు తొడుగుతారు, కండ్లు తప్ప ఏమీ కనబడకుండా. చేతులకు తొడుగులు, తలకు సంచి.

"మీ ఊపిరి లోపలున్నవాళ్ళ మీద పడకూడదు," అంటాడు తొడిగేవాడు.

"మా ఊపిరి మీదనే ఆ పాప ఇన్నాళ్ళు ఉండాది," అంటాను.

అతను నా నోటికి ఇంకో గుడ్డ కడతాడు.

లోపల వసారా ఉంది. నేను నడిచేకొద్దీ అది ముందుకు పెరుగుతుంది. ఆగితే ఆగుతుంది. రెండు వైపులా గోడల నిండా ఇనుప సొరుగులు, ఒక్కో సొరుగులో ఒక్కో చెవి ఎముక. నేను దగ్గితే అన్ని సొరుగులూ ఒకేసారి కొంచెం ముందుకు వస్తాయి, తమవాళ్ళెవరో వచ్చారనుకుని. నేను కాదని తెలిసి మళ్ళీ లోపలికి పోతాయి. ఆ తర్వాత దగ్గు వచ్చినా ఆపుకుంటాను.

వసారా చివర ఒక మేడమ్ కూర్చుని ఉంది. మృణాళిని అని బల్ల మీద రాసి ఉంది. నేను మూడో తరగతి దాకా చదివాను, కూడబలుక్కుని చదువుతాను. ఆమె వెనక గోడంతా పటం. పటం మీద ఎర్ర బాణాలు నడుస్తున్నాయి. ఒక్కో బాణం వెంట మూట, మేక, ఏడ్చే పిల్ల. కొండలు దాటి, ఏర్లు దాటి, కిందికి కిందికి వస్తున్నాయి. ఒక బాణం మా ఊళ్ళోకి వచ్చి, మా వంటింట్లోంచి చెప్పులతోనే నడిచి, అటు వైపు పోతుంది. పిలవదు.

"ఎవురింట్లోకన్నా పిల్చి రావల్ల," అంటాను.

"అవి మనుషులు కావు. జనం కదలికలు," అంటుంది మేడమ్. "మొదట వ్యవసాయం చేసినవాళ్ళు ఎటు నుంచి ఎటు నడిచారో చూపిస్తున్నాయి."

అన్నిటికన్నా వెనకున్న బాణం ఆయాసపడుతూ పటం అంచున చతికిలబడుతుంది. నా బాటిల్లో నీళ్ళు దానికి పోస్తాను. దోసిలి పట్టి తాగుతుంది.

"మా పాప చెవికని వచ్చినా," అంటాను.

"ఆ పాప మీకు ఏమవుతుంది?"

"మా ఇంట్లో ఉంటాది."

"నేను అడిగింది చుట్టరికం."

"ఒకే పొయ్యి."

మేడమ్ నా నోటి గుడ్డ కొంచెం పైకెత్తి, పెదవి మీది తడిని పుల్లకు అంటించి, మిషన్లో పెడుతుంది. మిషన్ ఒక్కసారి తల అడ్డంగా ఊపుతుంది.

"ఆమె మీ మనిషి కాదు తాతగారూ. ఆమెవాళ్ళు ముందొచ్చారు. మీవాళ్ళు తర్వాత వచ్చారు. మీ రక్తం వేరు."

"నా పెండ్లాం రక్తం కూడా వేరే. నాకు కూడెవరు పెడ్తాండారు మరి?"

మేడమ్ పుల్లను చెత్తబుట్టలో వేస్తుంది.

"చెవి ఇయ్యండి," అంటాను.

"చెవి లేదు. పొడి చేశాం. పొడిని చదివాం. చదివేసరికి ఆ పొడి కూడా ఖర్చయిపోయింది. ఒంట్లో ఇంకే ఎముకలోనూ అంత భద్రంగా దాగి ఉండదు. ఎవరికి ఎవరు పుట్టారో, ఎక్కడి నుంచి వచ్చారో, అంతా అందులోనే."

"దాచుకున్నది మీ కోసమని చెప్పిందా?"

"మేం అనుమతి తీసుకున్నాం. పంచాయతీని అడిగాం."

"చెవి పంచాయతీదా? పాపను అడిగినారా?"

"అడిగాం. ఆమె వినిపించుకోలేదు."

"చెవి తీసినంక అడిగుంటారు."

మేడమ్ కాగితంలో తేదీలు చూసుకుంటుంది. "అవును," అంటుంది.

ఆమె నాకు చదివిన కాగితం చూపిస్తుంది. అది బల్ల మీంచి జారి, వసారా పొడవునా పరుచుకుంటుంది. పొడవునా నాలుగే అక్షరాలు, అవే అటూ ఇటూ మారి మారి ఉన్నాయి. నాకు మూడు తరగతుల్లోనే అంతకన్నా ఎక్కువ నేర్పించారు. నిండుగా ఒక పిల్లను రాయడానికి వీళ్ళు నాలుగే ఖర్చు పెట్టారు.

"ఇందులో ఊఁ ఎక్కడుంది?" అంటాను.

"అది ఉండదు. చదివేముందు శుభ్రం చేశాం. పాపది కానిదంతా తీసేశాం. చాలా కల్తీ ఉంది అందులో."

"ఏం కల్తీ?"

"మాటలు. రోకటి చప్పుడు, కోళ్ళు, పొయ్యి ఊదిన ఊపిరి. పాప తర్వాత వచ్చి చేరిందంతా మా లెక్కలో కల్తీయే."

మూలన నల్లసంచి ఉంది, మూతి కట్టేసి. లోపల ఎవరో గొణుగుతున్నారు. వంగి వింటాను. మా నాయన గొంతు. "అమ్మీ, వాన పడింది." దాని కింద మా తాత గొంతు. దాని కింద నేనెరగని గొంతులు, నేనెరగని భాషలో, అదే మాట. అదే మాటని ఎలా తెలుస్తుందంటే, ప్రతిదాని తర్వాతా ఒక ఊఁ ఉంది.

నాకు కోపం నెమ్మదిగా వస్తుంది. వచ్చాక పోదు. తెల్లబట్టల లోపల నిండుతుంది. కుట్లు ఒక్కొక్కటే విడిపోతాయి. నోటి గుడ్డ ఊడి కింద పడుతుంది.

"మేడమ్మా, మా నాయన కల్తీనా?"

"ఆయన్ని అనడం లేదు. ఆయన ఊపిరిని అంటున్నాను."

"ఊపిరి కాకుంటే మనిషిలో ఏముంటాది?"

"ఎముక," అంటుంది మేడమ్.

ఆమె అబద్ధం చెప్పడం లేదు. ఆమెకు నిజంగా అంతే తెలుసు. అందుకే నాకు ఇంకా మండుతుంది.

"సంచి ఇయ్యి."

"అది కాల్చేయాలి. అది ఇక్కడి పద్ధతి."

"కాలిస్తే పొగ వస్తాది. పొగ మీ ముక్కుల్లోకి పోతాది. అప్పుడు మీరూ కల్తీ."

సొరుగులన్నీ ముందుకు వచ్చి వింటున్నాయి. మేడమ్ తన ముక్కును ఒకసారి తాకి చూసుకుంటుంది.

"తీసుకెళ్ళండి," అంటుంది.

సంచి వెచ్చగా, పొదిగే కోడిలా ఉంది. బస్సులో ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను. నిన్న దగ్గర ఎక్కినవాళ్ళు సంచి వైపు చూసి, తెలిసినవాళ్ళకు తలూపినట్టు ఊపుతారు.

ఇంటి దగ్గర పదను లేచి నిలబడి ఉంది. తువ్వాలు భుజాన వేసుకుంది. లింగమ్మ ఆ తువ్వాలు కొస పట్టుకుని గుంజుతోంది.

"ఏదీ చెవి?" అంటుంది.

సంచి చూపిస్తాను.

"చెవి తెమ్మంటే నోళ్ళు తెస్తివా? ఎట్ల బతికేది నీతో? ఇన్ని నోళ్ళు ఒకేపారి అరిచినా ఆ బిడ్డకు ఎట్ల ఇనపడ్తాది?"

ఆమె చెప్పింది సరైనదే. నేను కుండ పక్కన కూర్చుంటాను. నాకు మాట తక్కువ. వినడం కూడా తక్కువైతే నష్టం లేదు. ఎడమ చెవిని అటూ ఇటూ తిప్పుతాను. పండిన కాయ తొడిమ నుంచి ఊడినట్టు ఊడి వస్తుంది, రాగి పోగుతో సహా. రక్తం రాదు. చెవిలో పెరిగిన తెల్లవెంట్రుకలు గాలికి కదులుతాయి.

పాప తలకు పెట్టి చూస్తాను. తల ఎంతుందో చెవి అంతుంది.

"శానా పెద్దదైంది," అంటాను.

"కానీలే," అంటుంది లింగమ్మ. "పెరిగే పిల్ల."

సంచి మూతి విప్పుతాను. గొంతులు తోసుకోకుండా, వయసు ప్రకారం, ఒక్కొక్కటిగా కుండలోకి దిగుతాయి. మా నాయన చివరన దిగుతాడు. దిగుతూ నా తల మీద చెయ్యి ఆనించి పోతాడు. తర్వాత నేను వంగుతాను.

"అమ్మీ, వాన పడింది. ఇత్తనం తీస్తాండాం."

పాపకు పెట్టిన చెవితో నా మాట నాకే కింది నుంచి వినిపిస్తుంది. మట్టిలోంచి, కుండలోంచి, చాలా పైనుంచి ఎవరో ముసలాయన పిలుస్తున్నట్టుంది. పిలిచేవాడి మీద నాకు నమ్మకం కలుగుతుంది.

"ఊఁ."

గంప లేస్తుంది. పక్షి ఈకంత బరువు కూడా లేదు.

గడప దగ్గర చప్పుడవుతుంది. బాణాలు వచ్చాయి, పటంలో ఉన్నవన్నీ. ముందు నా నీళ్ళు తాగిన బాణం ఉంది. చెప్పులు బయట వరసగా విడిచిపెట్టాయి.

"ఇంట్లో ఎవురన్నా ఉండారా?" అంటుంది బాణం.

నేను నోరు తెరిచేలోపే నేల కింద నుంచి జవాబు వస్తుంది.

"ఉండాం."

బాణాలు చేలోకి నడిచి, మొనలు కిందికి వంచి, పక్కపక్కనే, విత్తనం వేసే గొర్రుకు పండ్లలా నిలబడతాయి. నేను పిడి పట్టుకుంటాను. పదను తువ్వాలు తీసి మళ్ళీ మట్టిలోకి దిగుతుంది. వెనక, కుండలోంచి లేచి వచ్చి, కిందమ్మి నడుస్తుంది. మూరెడు మనిషి, తల పక్కన నా పెద్ద చెవి, రాగి పోగు ఊగుతూ. గుప్పిట్లోంచి గింజలు వదులుతుంది. పిలిస్తే పలుకుతుందని తెలుసు. అందుకే పిలవను.

గొర్రు గీసిన సాలు చేను గట్టు దగ్గర ఆగదు. రోడ్డు దాటుతుంది, మొన్నను దాటుతుంది, నిన్నను దాటుతుంది. తెల్లబట్టలవాళ్ళ వసారాలోకి పోతుంది. గచ్చు మెత్తగా చీలుతుంది. వసారా పెరుగుతూనే ఉంది, మేం దున్నుతూనే ఉన్నాం. రెండు వైపులా సొరుగులు తెరుచుకుంటున్నాయి. కిందమ్మి మునివేళ్ళ మీద లేచి ఒక్కో చెవిలో ఒక్కో గింజ వేస్తుంది. వేసిన ప్రతిచోటా సన్నగా, ఒకదాని తర్వాత ఒకటి, ఊఁ అంటున్నాయి.

వసారా చివర మేడమ్ లేచి నిలబడి, రెండు చేతులతో తన చెవులు మూసుకుని ఉంది. నేను గొర్రును గట్టిగా అదిమి పట్టుకుంటాను. పదను ఇంకా ఉంది.